ఈ కొండ తీగ కాదు

జపాను కొండల్లో తదామి నది వెంట వెళ్లే రోడ్డు మీద నేను చాలా ఏళ్లు బస్సు నడిపాను. పెద్ద బస్సు కాదు, పాతికమంది పట్టే చిన్నది. డ్రైవరు సీటు పక్కన ఒక మడత కుర్చీ ఉండేది. అందులో మిసావో కూర్చునేది. స్టేషను దగ్గర బస్సు కదలగానే లేచి, వెనక్కి తిరిగి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేత్తో మైకు అందుకునేది. ఆ మలుపుల్లో ఎంత నెమ్మదిగా తిప్పినా నిలబడ్డవాళ్లు తూలాల్సిందే. మిసావో తూలేది కాదు. ఏ మలుపుకు నడుము ఎటు వంచాలో ఆ రోడ్డు ఆమెకు చిన్నప్పుడే నేర్పింది.

ఆమె ఇరినోసావా పిల్ల. నదిలో కలిసే వాగు వెంట పైకి పోతే, రోడ్డు ఆగిపోయే చోట ఉన్న ఊరు అది. చదువు కాగానే కోరియామా వెళ్లి బస్సు గైడుగా చేరింది. అప్పట్లో అది ఆడపిల్లలకు గొప్ప ఉద్యోగం. నీలం కోటు, టోపీ, తెల్లటి చేతి తొడుగులు. కంపెనీలకు కంపెనీలే బస్సులు కట్టించుకుని వేడినీటి ఊటలకు పోయే రోజులవి. గైడు దారిపొడుగునా కథలు చెప్పాలి, సొరంగాల్లో పాటలు పాడాలి, తాగిన మగాళ్లు చెయ్యి పట్టుకుంటే నవ్వుతూ విడిపించుకోవాలి. ఇవన్నీ చేసి కూడా ఆ పని తనకెంతో ఇష్టమని మిసావో చెప్పేది. అదే కంపెనీలో మెకానిక్కుని పెళ్లి చేసుకుంది. ఆయన నలభై ఐదు నిండకుండానే కాలేయం చెడి చనిపోయాడు. తర్వాత కంపెనీ గైడుల్ని తీసేసి, బస్సులో రికార్డు చేసిన గొంతు పెట్టింది. అమ్మకు జబ్బు చేసిందని మిసావో ఊరికొచ్చింది. అమ్మ పోయింది. ఇక వెళ్లడానికి ఇంకో చోటంటూ లేక అక్కడే ఉండిపోయింది.

అప్పటికే ఇరినోసావాలో పొగ లేచే ఇళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బడి మూసేశారు. చలికాలం వస్తే మంచు చూరు దాకా పేరుకుని, కింది గదులు చీకటిగా ఉండేవి. ఇలాంటి చోట చెప్పుకోవడానికి మిగిలింది ఒక్కటే. అడవి ద్రాక్ష తీగ నారతో అల్లే బుట్టలు. మా ప్రాంతంలో ఆ బుట్ట ఒకసారి చేతికొస్తే మనవరాలి దాకా చెక్కు చెదరదు. వాడేకొద్దీ నల్లబడి, అరచెయ్యి తగిలిన చోటల్లా నిగనిగలాడుతుంది. వాటిని అల్లేది ఫుమియే, తీగ తెచ్చేది ఆమె మొగుడు తొయోజి. పిల్లల్లేరు. మిసావో వాళ్లను పిన్నీ బాబాయీ అని పిలిచేది. రక్త సంబంధం కాదు, ఊరి వరస.

ఒకరోజు మిసావో ఐజు పట్నంలో ఉన్న ఒక యాత్రల ఆఫీసుకి వెళ్లి, మేనేజరు ఇగరాషి ముందు కూర్చుంది. ఒక రోజు యాత్ర పెట్టమంది. పొద్దున అడవిలో నడక, మధ్యాహ్నం పాత ఇంట్లో సోబా నూడుల్స్ భోజనం, ఆ తర్వాత తొయోజి ఇంట్లో బుట్టలల్లడం చూసి, చిన్నదేదో తామూ అల్లుకుని, సాయంత్రం రైలుకి వెనక్కి. ఆ కొండ మీద చూడ్డానికి ఏముందని ఇగరాషి అడిగాడట. మిసావో కుర్చీలోంచి లేచి, చేతిలో మైకు ఉన్నట్టే, ఆ దారంతా అక్కడికక్కడ చెప్పింది. చెప్పడం అయ్యేసరికి పక్క బల్లల దగ్గరి వాళ్లు కూడా పని ఆపి వింటున్నారు. ఒక సీజను చూద్దామన్నాడు ఇగరాషి. నన్ను డ్రైవరుగా పెట్టాడు.

సీజను గడిచి ఇంకో సీజను వచ్చింది. జనం రావడం మొదలుపెట్టారు. టోక్యో, యొకొహామా నుంచి ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లు, అప్పుడప్పుడు విదేశీయులు. మిసావో వాళ్లను బునా చెట్ల మధ్యకు తీసుకెళ్లేది. ఆ చెట్ల మానులు బూడిద రంగులో, మచ్చలు మచ్చలుగా ఉంటాయి. చెవి ఆనిస్తే చెట్టు నీళ్లు తాగే చప్పుడు వినిపిస్తుందని చెప్పేది. అందరూ ఒక్కో చెట్టునీ వాటేసుకుని కళ్లు మూసుకునేవాళ్లు. వినిపించేది గాలి చప్పుడే అని నేనంటే, "మెగురో-సాన్, మీకు ఇంజను చప్పుడు తప్ప ఏదీ వినపడదు" అనేది.

తొయోజి ఇంటి దగ్గరికొచ్చేసరికి అసలు సందడి. ఒకసారి ఒకావిడ ఇక్కడ ఎలుగుబంట్లు ఉన్నాయా అని భయంగా అడిగింది.

"ఉన్నాయమ్మా. కానీ యాత్ర ఉన్న రోజు రావు. వాటికి మర్యాద తెలుసు," అన్నాడు తొయోజి.

ఫుమియే తల ఎత్తకుండానే, "మర్యాదా లేదు, మట్టిగడ్డా లేదు. ఈయన కంపుకి తట్టుకోలేక కొండ దాటి పోయాయి. నాకే ఎక్కడికి పోవాలో తెలీక ఇక్కడే పడున్నా," అంది.

ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని ఇలాంటి మాటలు అనేవాళ్లు. వచ్చినవాళ్లు కడుపుబ్బ నవ్వేవాళ్లు. చుట్టాలింటికి వచ్చినట్టుందని ప్రతి బస్సులోనూ ఎవరో ఒకరు అనేవాళ్లు.

మిసావో మనసులో ఒక ఆశ ఉండేది. ఎక్కేవాళ్లలో ఒక్కరైనా దిగకుండా ఉండిపోతారని. అల్లిక నేర్చుకుంటారని. నిజంగానే నాగోయా నుంచి ఒక అమ్మాయి రెండుసార్లు యాత్రకు వచ్చి, మూడోసారి పెట్టె సర్దుకుని వచ్చేసింది. మిసావో ఇంట్లో దిగి, రోజూ ఫుమియే దగ్గర కూర్చునేది. చేతులు మంచివే, త్వరగా పట్టుకుంది. చలికాలం వచ్చింది. ఇంటి కప్పుల మీద మంచు తీయడం, దారి తవ్వుకోవడం, మళ్లీ కురిస్తే మళ్లీ తవ్వుకోవడం. మంచు కరిగే లోపే ఆ అమ్మాయి ఏడుస్తూ నా బస్సెక్కి వెళ్లిపోయింది. మిసావో చాలా రోజులు ముభావంగా ఉంది. ఫుమియే మాత్రం, "దాని తప్పేముందే? ఇక్కడ దానితో మాట్లాడేదెవరు, మాలాంటి ముసలి పీనుగులు తప్ప," అని ఊరుకుంది.

తర్వాత ఆ భూకంపం ఏడు వచ్చింది. సముద్రం ఒడ్డున అణు కేంద్రం పేలాక, మా జిల్లా పేరు, ఫుకుషిమా, వింటేనే జనం వెనక్కి తగ్గారు. ఆ సముద్ర తీరానికీ మా కొండలకీ మధ్య ఎన్ని కొండలున్నాయో ఎవరికి చెప్పగలం? అదే ఏడు వానలకు నది పొంగి రైలు వంతెనల్ని మోసుకుపోయింది. యాత్రలు ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యేటప్పటికి, పాతికమంది ఎక్కే బస్సులో ఎనిమిదిమంది, తొమ్మిదిమంది. వాళ్లు కూడా కొండ కూర వడ్డిస్తే, తినొచ్చా అని ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. మిసావో ముందు తను తిని చూపించేది. నవ్వుతూనే తినేది. ఇల్లు చేరాక మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేదట.

అయినా ఇంకొన్నేళ్లు నడిచింది. నడిచింది ఎవరి బలం మీద అంటే తొయోజి మోకాళ్ల మీద.

అడవి ద్రాక్ష తీగ నార ఎప్పుడు పడితే అప్పుడు రాదు. వానల నెలలో తీగలోకి నీరు పైకెక్కినప్పుడు, కొద్ది రోజులపాటు మాత్రమే మానుకి వదులై ఊడుతుంది. ఆ రోజులు దాటితే అతుక్కుపోతుంది, ఇక ఏడాది ఆగాల్సిందే. పైగా మంచి తీగ ఎప్పుడూ పెద్ద చెట్ల కొనల్లోనే ఉంటుంది. దగ్గరి చెట్ల మీదదంతా తరతరాలుగా కోసేశారు. తొయోజి ఏటికేడు ఇంకా లోపలికి, ఇంకా నిటారు వాలుల్లోకి పోవాల్సి వచ్చేది. కొండ దేవతకు కాస్త సారాయి పోసి, నడుముకి కత్తి, వీపున తాళ్లతో ఒక్కడే వెళ్లేవాడు. ఆ ఏడు అతనికి డెబ్భై ఎనిమిదేళ్లు. ఈసారి వద్దని మిసావో బతిమాలింది. "నేను వెళ్లకపోతే మీ బస్సులో వాళ్లు ఏం అల్లుతారు, నా మీసాలా?" అన్నాడు.

ఆ రోజు మాకు యాత్ర ఉంది. మధ్యాహ్నం మేం చేరేసరికి ఫుమియే ఒక్కతే కూర్చుని ఉంది. నానబెట్టిన నారలు ముందర పరిచి ఉన్నాయి. బాబాయి ఏడని మిసావో అడిగింది. భోజనానికి రావాల్సిందని, రాలేదని ఫుమియే చెప్పింది. గొంతులో ఏ మార్పూ లేదు. మిసావో వచ్చినవాళ్ల వైపు తిరిగి ఎప్పటిలాగే మొదలుపెట్టింది. తీగ గురించి, వానల నెల గురించి, మంచు రోజుల్లో పొయ్యి చుట్టూ కూర్చుని అల్లడం గురించి చెప్పింది. నవ్వించాల్సిన చోట నవ్వించింది. ఆమె కళ్లు మాత్రం మాటిమాటికీ వాకిలి అవతల దారి మీదికి పోతున్నాయి. బయట సన్నగా వాన మొదలైంది.

బస్సెక్కించే వేళ నా దగ్గరకొచ్చి, "వీళ్లను దింపి రండి. నేను ఉండిపోతా. టౌనులో అగ్నిమాపక దళం వాళ్లకు చెప్పండి," అంది. బస్సులో వాళ్లకు విషయం తెలీదు. గైడు ఎందుకు రాలేదని ఒకరు అడిగితే, పైన పని ఉందన్నాను.

కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికేదీ ఆ దళమే. ఊళ్ల అగ్నిమాపక దళంలో ఉన్నవాళ్లంతా అరవై దాటినవాళ్లే. చీకటి పడేదాకా వెతికి ఆపేశారు. మర్నాడు తెల్లవారాక దొరికాడు. వాగుకి చాలా ఎత్తున, తడిసిన వాలు మీద కాలు జారి, లోయలో పడ్డాడు. వీపున నార కట్ట కట్టినది కట్టినట్టే ఉంది. నలుగురు మోసుకొచ్చారు. వాళ్లలో ఒకడు ఆ కట్టను కూడా భుజాన వేసుకొచ్చి వాకిట్లో దించి, ఏం చెయ్యమంటావని ఫుమియేని అడిగాడు. ఆమె దగ్గరికి వెళ్లి, నారను వేళ్లతో వంచి చూసి, నీడలో ఆరేయమంది.

ఆ తర్వాత చలికాలంలో ఆ నారతో ఫుమియే ఒకే ఒక్క బుట్ట అల్లింది. మిగతాది చిన్నచిన్న ముక్కలుగా వచ్చినవాళ్లకు ఇచ్చేసింది. అంత నేర్పుగా అల్లిన బుట్ట ఆమె చేతిలో అంతకు ముందు నేను చూడలేదు. అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలీదు. మంచు కరిగాక మొదటి యాత్రలో సెందాయి నుంచి వచ్చిన ఒకావిడ దాన్ని చూసి కొనుక్కుంటానంది. ఫుమియే కాగితంలో చుట్టి ఇచ్చేసింది. అది ఎక్కడి నారో ఆవిడకు ఒక్క మాట చెప్పలేదు.

బస్సు బయల్దేరే ముందు మిసావో ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లింది. నేను వాకిట్లో ఉన్నాను, మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"అది ఎలా ఇచ్చావు పిన్నీ? బాబాయి వీపు మీద ఉన్నదది."

"ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకోను? దానికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చోనా? బుట్టంటే ఎవరి చేతికో వేలాడాలి. ఊళ్లు తిరగాలి. ఆయన ఎలాగూ ఎక్కడికీ తిరగలేదు."

ఆ రోజు తిరుగు దారిలో మిసావో మైకు ముట్టుకోలేదు.

నార అయిపోయింది. ఇక తెచ్చేవాళ్లు లేరు. చుట్టుపక్కల ఊళ్లలో ఒకరిద్దరు కోస్తారు కానీ వాళ్లది వాళ్లకే చాలదు. అప్పుడు ఇగరాషి ఎక్కడెక్కడో విచారించి, సముద్రం అవతల నుంచి నార తెప్పించాడు. అట్టపెట్టెల్లో వచ్చింది. అదీ అడవి ద్రాక్షే. ఫుమియే ఒక పోగు తీసి బొటనవేలితో రుద్ది చూసింది. "మంచి నారే. అక్కడా ఎవడో మా ముసలాడి లాంటివాడే చెట్టెక్కి ఉంటాడు," అని నానబెట్టింది. ఆమెకు అందులో ఏ బాధా ఉన్నట్టు కనపడలేదు.

బాధ మిసావోది. యాత్ర కాగితాల మీద, 'ఈ కొండ తీగతో మీ చేత్తో మీరే అల్లుకోండి' అని పెద్ద అక్షరాల్లో ఉండేది. ఆ మాటే తను రోజూ మైకులో చెప్పాలి. ఆ మాట మార్చమని ఇగరాషిని అడిగింది. మారుద్దాం, ఈ సీజను కానిద్దాం అన్నాడు. ఇంకోసారి అడిగింది. కాగితాలు అచ్చయిపోయాయన్నాడు. నిజానికి ఇగరాషి చెడ్డవాడు కాదు. ఆ యాత్ర ఎప్పుడో మూసేయాల్సింది, మిసావో ముఖం చూసి నెట్టుకొస్తున్నాడు.

వానల నెల వచ్చాక ఒక పొద్దున మిసావో మా ఇంటికొచ్చింది. తొయోజి కత్తి, తాళ్లు తెచ్చింది. "మెగురో-సాన్, మీరు తాడు పట్టుకుంటే చాలు, ఎక్కేది నేనే," అంది. ఆమెకు అరవై దాటాయి. నాకు అంతకంటే ఎక్కువ. నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసి, చెప్పులు మార్చుకుని బయల్దేరాను.

ఎలుగుబంట్లు రాకుండా నడుముకి గంటలు కట్టుకున్నాం. తొయోజి నడిచిన దారి గడ్డిలో కలిసిపోయింది. వాగు దాటి, వెదురు పొదలు తొక్కుకుంటూ, ఎన్నోసార్లు కూర్చుంటూ లేస్తూ పైకి పోయాం. చివరికి తీగ కనబడింది. మొదలు దగ్గర నా తొడంత లావు. పెద్ద చెస్ట్‌నట్ చెట్టును చుట్టుకుని పైకి పోయి, ఆకుల్లో మాయమైంది. ఇలాంటి దానికోసమే బాబాయి ఇంతదూరం వచ్చేవాడని మిసావో అంది. చెట్టు పంగకు తాడు వేయడానికే మాకు బోలెడు సేపు పట్టింది. ఆమె ఎక్కింది. మనిషి ఎత్తు ఎక్కిందేమో, బెరడు తడికి కాలు జారింది. తాడు నా చేతుల్ని కోసుకుంటూ పోయింది. ఎలాగో ఆపాను. ఆమె మెల్లగా నేల మీదికి దిగి, చెట్టుకి నుదురు ఆనించి నిలబడింది.

మళ్లీ ఎక్కుతానంది. వద్దన్నాను. మళ్లీ ఎక్కింది. ఈసారి అంత ఎత్తు కూడా పోలేకపోయింది. అందినంత మేర, నేల దగ్గర తీగ ముసలి బెరడును కత్తితో గీకి చూసింది. లోపలి నార ముక్కలుముక్కలుగా చేతికి వచ్చింది. అది దేనికీ పనికిరాదని ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ ముక్కల్ని అక్కడే పడేసి, చేతులు తుడుచుకుంది. దిగేటప్పుడు ఒక్కటే మాట అంది. "చిన్నప్పుడు బాబాయి వెంట వెళ్తానంటే, ఆడపిల్లలొస్తే కొండ దేవతకు అసూయ అని వదిలేసి పోయేవాడు. ఏడ్చేదాన్ని."

కొన్ని నెలలు పోయాక ఒక యాత్రకి బస్సు నిండా జనం. చాలా రోజులకు అలా నిండింది. ఆకులు ఎర్రబడుతున్న కాలం, వాతావరణం బాగుంది. మిసావో లేచి నిలబడి, నది గురించి, వంతెన గురించి, బునా చెట్ల గురించి చెప్పింది. గొంతు ఎప్పుడూ లేనంత బాగుంది. వాగు మలుపు దగ్గర, బుట్టల సంగతి రావాల్సిన చోట మైకు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. అద్దంలో చూశాను. తర్వాత అదే గొంతుతో చెప్పింది.

"మధ్యాహ్నం మీరు అల్లబోయే నార ఈ కొండ తీగది కాదు. తీగ తెచ్చే మనిషి కిందటేడు చనిపోయాడు. ఇది సముద్రం అవతల నుంచి వచ్చింది. కాగితంలో తప్పుగా ఉంది. క్షమించండి."

తల వంచి, అలాగే ఉంది. వెనక సీటులోంచి ఒకాయన, కోపంగా కూడా కాదు, మామూలుగా అడిగాడు. "అయితే ఇంతదూరం మేం ఎందుకొచ్చినట్టు?"

మిసావో తల ఎత్తి, మైకు దాని చోట పెట్టేసింది.

అడవిలో నడిచారు, సోబా తిన్నారు. ఫుమియే ఇంటి దగ్గర సగం మందే దిగారు. మిగతావాళ్లు బస్సులోనే కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. దిగినవాళ్లు కూడా మర్యాదకి నారలు పట్టుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి పెట్టేశారు. ఫుమియే అందరికీ సరిపోయేలా పొద్దున్నే నానబెట్టుకుంది. గిన్నెల నిండా నార అలాగే మిగిలిపోయింది. మొగుడు పోయాక ఆమె ఎదురుచూసేది ఈ రోజుల కోసమే. ఏం జరిగిందో ఒకావిడ ఆమెకు చెప్పింది.

బస్సు వెళ్లడానికి సిద్ధమయ్యాక ఫుమియే వాకిట్లోకి వచ్చింది. "మిసావో," అంది. "నిజం చెప్పడానికి నీకు నా వాకిలే దొరికిందా?"

మిసావో క్షమించమని చాలాసేపు వంగి నిలబడింది. ఫుమియే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇగరాషి కేకలు వేయలేదు. రెండు వారాలకు తనే పైకి వచ్చి, మిసావో ఇంట్లో టీ తాగి చెప్పాడు. వచ్చే సీజను నుంచి యాత్ర ఇరినోసావా దాకా రాదు. అడవి నడక తర్వాత కింద హైవే పక్కనున్న బజారులో ఆగుతుంది. అక్కడ ఒక గది అద్దెకు అడిగారు. కత్తిరించి పెట్టిన నార సంచుల్లో ఇస్తారు, కాసేపట్లో ఒక చిన్న గిన్నె అల్లుకోవచ్చు. నార ఏ కొండదో ఎక్కడా రాయరు. మిసావో కావాలంటే గైడుగా ఉండొచ్చు. పిన్నిని కూడా అక్కడికి తీసుకెళ్లొచ్చా అని మిసావో అడిగింది. ఆవిడ వయసుకి రోజూ రాకపోకలు కష్టమని ఇగరాషి అన్నాడు. ఆ మాట తప్పు కాదు.

మిసావో ఒక సీజను చేసింది. నేనూ నడిపాను. ఆమె మాటలన్నీ సరిగానే ఉండేవి, కానీ వినేవాళ్లు మధ్యలో కిటికీ వైపు తిరిగేవాళ్లు. బజారు దగ్గర అందరూ లోపల గిన్నెలు అల్లుతుంటే తను బయట, నాణెం వేస్తే పానీయాలిచ్చే యంత్రం పక్కన నిలబడి డబ్బా కాఫీ తాగేది. సీజను చివర్లో, తన అవసరం అంతగా లేదేమోనని తనే ఇగరాషితో అంది. అతను కాదనలేదు.

ఫుమియేతో మాటలు కలిశాయి. ఎలా కలిశాయో నాకు తెలీదు, ఇద్దరూ చెప్పలేదు. ఊళ్లో ఇక వాళ్లిద్దరే, ఇంకో ముసలాయన. ఆకులు రాలుతుండగా ఫుమియే బావి దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చినా మంచు కాలంలో అక్కడ ఉండడం కుదరదని టౌను ఆఫీసు వాళ్లు తేల్చేశారు. పట్నం దగ్గర వృద్ధుల నిలయంలో చోటు దొరికింది. తీసుకెళ్లడానికి నన్ను పిలిచారు. వీల్‌చైర్ పట్టేది నా బస్సే.

ఆ మధ్యాహ్నం బస్సులో ముగ్గురమే. ఫుమియేని కిటికీ పక్కన కూర్చోబెట్టి మిసావో పక్కన కూర్చుంది. ఫుమియే తన సామాను చిన్న మూటలో పెట్టుకుంది. నార గానీ బుట్ట గానీ ఏమీ తెచ్చుకోలేదు. వాగు మలుపు దాటాక అంది.

"ఇన్నేళ్లూ నా ఇంటికొచ్చినవాళ్లే గానీ, నేను ఈ బస్సు ఎప్పుడూ ఎక్కలేదే. వాళ్లకి దారిలో ఏం చెప్పేదానివో నాకు తెలీదు. ఓసారి చెప్పు, వింటాను."

మిసావో లేచింది. కడ్డీ పట్టుకుంది. మైకు తీసుకోబోయి మళ్లీ పెట్టేసింది. ఒక్కరికి మైకెందుకు అనుకుందేమో. నది కనబడింది, నీళ్లు ఆకుపచ్చగా కదలకుండా ఉన్నాయి. ఆమె నోరు తెరిచింది. నేను అద్దంలో చూస్తున్నాను. ఏ మాటా రాలేదు. పెదాలు కదిలాయి, మూసుకున్నాయి. మళ్లీ ప్రయత్నించింది. ఆ తర్వాత మడత కుర్చీ దించుకుని, ముందుకు తిరిగి కూర్చుంది.

ఫుమియే మూటను ఒళ్లో సర్దుకుంది. "సర్లే," అంది. కిటికీలోంచి చూస్తూ పట్నం దాకా వచ్చింది.

ఆమె ఆ నిలయంలో ఎక్కువ కాలం లేదు. తరువాతి ఎండాకాలంలో చనిపోయింది. అక్కడ చేతులకు పని ఉండాలని దారపు ఉండలు ఇచ్చేవాళ్లట, ముట్టుకునేది కాదట. మిసావో ఇరినోసావా ఇల్లు వదిలేసి, టౌనులో ప్రభుత్వ వాటాల్లో ఒక గది తీసుకుంది. ఒక ఆసుపత్రి వంటింట్లో పళ్లేలు సర్దే పని చేస్తోంది. నేనూ బస్సు మానేశాను, కళ్లు సరిగా ఆనడం లేదు. అప్పుడప్పుడు కూరగాయల కొట్లో కలుస్తాం. ఎలా ఉన్నారంటే ఎలా ఉన్నారని అనుకుంటాం. కిందటి వానల నెలలో కలిసినప్పుడు, ఒకసారి పైకి వెళ్లి చూసొద్దామా అన్నాను. "దేనికి మెగురో-సాన్?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఉల్లికాడలు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

అయినా వెళ్లడానికి దారి లేదు. ఆ వానలకే వాగు మలుపు దగ్గర రోడ్డు జారి లోయలో పడింది. మిగిలిన ఆ ఒక్క ముసలాయన్ని కొడుకు తీసుకెళ్లాక పైన ఎవరూ లేరు. ఎవరూ లేని ఊరికి రోడ్డెందుకని టౌను ఆఫీసు దాన్ని బాగుచేయించలేదు. అడ్డంగా గొలుసు కట్టి, ముందుకు పోరాదని బోర్డు పెట్టారు.